ఎంత చంపినా ఎలుకలు ఎందుకు తగ్గవు?

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి సంతలో ఎలుకల మందు అమ్మే మనిషికి ఏ నెలలోనూ గిరాకీ తగ్గదు. గోనె పట్టా మీద పొట్లాలు పేర్చుకుని ఒక మాట ఒడియాలో, ఒక మాట తెలుగులో అరుస్తుంటాడు. "ఏటి బావా, మొన్ననే కదా పట్టుకెళ్లావు, పని సెయ్యలేదేటి?" అని అడిగితే, "అవి సచ్చిపోనాయిరా, ఇవి కొత్తవి" అంటాడు కొనేవాడు. నవ్వుకుని ఇద్దరూ బేరం ముగిస్తారు. సరదాకి అన్నా, ఆ మాట అక్షరాలా నిజం. చచ్చినవి చచ్చాయి, వాటి జాగాలోకి కొత్తవి వచ్చాయి. జాగా మాత్రం అలాగే ఉంది.

ఈ సంగతిని లెక్కలు తీసి చూపించినవాళ్లు ఉన్నారు. 1940ల్లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు వీధుల వారీగా ఎలుకలను లెక్కపెట్టారు. ఆ పని చేసినవారిలో డేవిడ్ డేవిస్ అనే శాస్త్రవేత్త ముఖ్యుడు. మందు పెట్టి చంపిన చోట కొన్ని నెలలు తిరిగేసరికి ఎలుకలు మళ్లీ పాత లెక్కకే వచ్చాయి. చెత్త తీసేసి, కన్నాలు పూడ్చి, తిండి అందకుండా చేసిన చోట మాత్రం తగ్గాయి, తగ్గి అలాగే ఉండిపోయాయి. ఒక ఇంట్లో ఎన్ని ఎలుకలు బతకాలో నిర్ణయించేది మన మందు కాదు; అక్కడ దొరికే తిండి, నీళ్లు, దాక్కోవడానికి చోటు.

అదెలాగంటే, ఇంటి ఎలుక కడుపుతో ఉండేది మూడు వారాలు. ఈతకు అయిదు నుంచి పది పిల్లలు. ఆ పిల్లలు మూడు నాలుగు నెలల్లో మళ్లీ ఈనతాయి. చిట్టెలుకలైతే ఇంకా తొందర, ఆరు నుంచి ఎనిమిది వారాలకే సిద్ధం. ఇరవై ఎలుకల్లో పదిహేను చచ్చాయనుకోండి. మిగిలిన అయిదింటికీ తిండి కోసం పోట్లాట లేదు, గూడు కోసం పోటీ లేదు. మామూలుగా ఆకలికి చచ్చే పిల్లలు కూడా ఈసారి బతికేస్తాయి. పక్కింటి అటక మీద జాగా చాలక తిరుగుతున్నవి ఇటు దిగుతాయి. చంపడం వల్ల మనం చేసేది, మిగిలినవాటికి విందు పెట్టడం.

ఇదే లెక్క పెద్దదైతే ఏమవుతుందో మహారాష్ట్ర చూసింది. 1993 సెప్టెంబరు 30న లాతూర్ భూకంపం వచ్చాక చుట్టుపక్కల జనం భయంతో ఇళ్లు వదిలి బయట పడుకున్నారు. ఇళ్లలో గింజలు అలాగే ఉండిపోయాయి, వాటిని తిని ఎలుకలు విపరీతంగా పెరిగాయి. మరుసటి ఏడాది ఆగస్టులో పక్కనే ఉన్న బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో ప్లేగు కనిపించినప్పుడు నిపుణులు చెప్పిన కారణాల్లో ఇదొకటి. సెప్టెంబరులో గుజరాత్‌లోని సూరత్‌లో కూడా ప్లేగు బయటపడింది. అక్కడి మరమగ్గాల్లో గంజాం జిల్లా వాళ్లు ఎంతమందో తెలిసినవాళ్లకు, ఆ నెలలో బరంపురం స్టేషన్‌లో దిగినవాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయో చెప్పక్కర్లేదు.

ముందు ఎవరొచ్చారో చూడండి

"ఇంట్లో ఎలుకలు" అని ఒకే మాటలో అనేస్తాం గానీ, ఈ ప్రాంతపు ఇళ్లలో తిరిగేవి కనీసం నాలుగు రకాల జీవాలు. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి పనికిరాదు. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే.

మొదటిది ఇంటి ఎలుక. వంద నుంచి రెండు వందల గ్రాముల బరువు, పెద్ద చెవులు, ఒంటి కన్నా పొడుగు తోక. ఇది ఎక్కే జంతువు. కరెంటు తీగ మీద నడుస్తుంది, గోడ గరుగ్గా ఉంటే నిలువునా పాకుతుంది, కొబ్బరిచెట్టు మొవ్వులో గూడు పెడుతుంది. పెంకుటింట్లో దూలాల మీద, వాసాల సందుల్లో, అటక మీద దీని కాపురం. రాత్రి పదకొండు దాటాక నెత్తి మీద పరుగులు వినిపిస్తే అది ఇదే. అదే దారిలో రోజూ నడుస్తుంది కాబట్టి దూలం అంచున ఒంటి జిడ్డు అంటి నల్లటి చార పడుతుంది. ఆ చార ఉన్న చోట పెట్టిన బోనుకీ, వంటింటి మూల పెట్టిన బోనుకీ చాలా తేడా ఉంటుంది.

రెండోది చిట్టెలుక. పన్నెండు నుంచి ఇరవై గ్రాములు, అంతే. ఆరు మిల్లీమీటర్ల సందు చాలు, అంటే పెన్సిల్ దూరితే అదీ దూరినట్టే. రోజుకు తినేది మూడు గ్రాములు. కానీ యాభైకి పైగా పెంటికలు వేస్తుంది, నడిచినంత మేరా ఉచ్చ చుక్కలు రాలుస్తుంది. నీళ్లు తాగకపోయినా గింజలోని తేమతో బతికేస్తుంది. బీరువా అడుగు సొరుగు, ఫ్రిజ్ వెనక మోటారు పెట్టె, పాత పుస్తకాల మూట దీని ఇళ్లు. మొత్తం జీవితం ఒక గదిలో, అయిదారు మీటర్ల మేరలో గడిపేస్తుంది. దీన్ని పట్టడానికి ఆ సంగతి చాలా ముఖ్యం, మళ్లీ చెప్తాను.

మూడోది పందికొక్కు. ఇది తవ్వే జంతువు. పెరట్లో, గాదె కింద, వంటింటి పునాది పక్కన కలుగు తీసి తాజా మట్టి కుప్ప పోస్తుంది. పొలాల్లో తిరిగే చిన్న పందికొక్కు కోతల కాలంలో వరికంకులు కొరికి తీసుకెళ్లి కలుగులో దాచుకుంటుంది. ఆ కలుగులు తవ్వి గింజలు ఏరుకోవడం పేదవాళ్లకు ఒకప్పుడు మార్గశిరమాసపు పని. పెద్ద పందికొక్కు కిలో దాకా తూగుతుంది, పిల్లి దాని జోలికి పోదు.

నాలుగోది ఎలుకే కాదు. మూతి కోసుగా, కళ్లు కనిపించీ కనిపించకుండా, గోడ వార కిచకిచమంటూ పోయి వెనక కంపు వదిలే చుంచు. ఒడియా పొరుగువాళ్లు చుచుంద్రా అంటారు. ఇది తినేది బొద్దింకలు, పురుగులు. తలుపులు కొరకదు, బస్తాలు చింపదు. దాన్ని చంపినందువల్ల మనకు ఒక్క గింజ కూడా మిగలదు. వంటింట్లోకి రానీయక్కర్లేదు గానీ, పగబట్టనూ అక్కర్లేదు.

ఎవరో తేల్చుకోవడానికి డబ్బు ఖర్చు లేదు. పడుకునే ముందు గోడ వారగా, అటక అంచున, గ్యాస్ బండ పక్కన ముగ్గుపిండి పలచగా జల్లండి. తెల్లారి దీపమో, ఫోన్ లైటో పక్కనుంచి అడ్డంగా వేసి చూడండి, పైనుంచి వేస్తే కనపడదు. ముందు పాదానికి నాలుగు వేళ్లు, వెనక పాదానికి అయిదు; మధ్యలో సన్నగా తోక ఈడ్చిన గీత. వెనక పాదం గుర్తు రెండున్నర సెంటీమీటర్లకు మించితే పెద్ద ఎలుక, ఒక్క సెంటీమీటరు చుట్టూ ఉంటే చిట్టెలుక. పెంటికలూ చెప్తాయి: చిట్టెలుకవి బియ్యపు గింజ కన్నా చిన్నవి, కొసలు సన్నం; ఇంటి ఎలుకవి సెంటీమీటరు పైన. పెరట్లో కలుగులైతే సాయంత్రం అన్నింటినీ మట్టితో మూసేసి, పొద్దున్న ఎన్ని తెరుచుకున్నాయో చూడటం వ్యవసాయ శాఖ వాళ్లు పొలాల్లో కూడా చేయించే పనే. తెరుచుకోని కన్నాల్లో మందు పోయడం దండగ.

ఒకే కప్పు కింద పది ఇళ్లు

పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగరం, ఇంకా బరంపురం పాత వీధుల్లో ఇళ్లు ఒకదాని వీపుకి ఒకటి ఆనించి వరసగా ఉంటాయి. ముందు అరుగు, వెనక పెరడు, మధ్యలో సన్నగా పొడుగ్గా గదులు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడ చాలా ఇళ్లలో పెంకు దాకా పోదు. వాసాల దగ్గర ఆగిపోతుంది, పైన జానెడు ఖాళీ. మనుషులకు పది ఇళ్లు గానీ, దూలాల మీద నడిచే ఎలుకకు అది ఒకే ఇల్లు. నాలుగో ఇంట్లో తిని, ఏడో ఇంట్లో నీళ్లు తాగి, తొమ్మిదో ఇంటి అటక మీద పిల్లల్ని పెడుతుంది.

అందుకే ఒక్క ఇంటివాళ్లు ఎంత కష్టపడినా ఫలితం నిలవదు. పైగా, బోనులో పడ్డదాన్ని సంచిలో కట్టి తీసుకెళ్లి వీధి చివర వదిలేసి వచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వినాయకుడి వాహనం కదా, చంపితే పాపం అంటారు. భక్తి మంచిదే. కానీ వంద గజాల్లో వదిలిన ఎలుక దారి మరచిపోదు, ఇంకో వీధివాళ్లు దాన్నే తెచ్చి మన వీధిలో వదలడమూ ఆగదు.

దీనికి కాలం కూడా తోడవుతుంది. కార్తీక, మార్గశిరాల్లో కోతలై పొలాలు ఖాళీ అయ్యేసరికి గట్ల మీది ఎలుకలకు అక్కడ తిండి ఉండదు. సరిగ్గా అప్పుడే ధాన్యం గాదెల్లోకి, గడ్డితాడు చుట్టిన పురుల్లోకి, ముందుగదిలో బస్తాల్లోకి వస్తుంది. ధాన్యం వెనకే అవీ వస్తాయి. వానాకాలంలో మహేంద్రతనయ, వంశధార పొంగినప్పుడు కలుగుల్లోకి నీళ్లు చేరి పందికొక్కులు మెరక మీదికి, అంటే ఇళ్లలోకి ఎక్కుతాయి. తుపాన్లలో రెండూ కలుస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ పైరు మీద ఉండగా వచ్చినవే. గజపతి జిల్లాలో తిత్లీకి పెంకులు లేచిపోయిన ఇళ్లు, తడిసిన ధాన్యం, కూలిన చెట్లు ఎలుకలకు ఒక్కసారిగా దొరికిన సత్రాలు.

సందులు మూసే పని

మందు కన్నా ముందు చేయాల్సింది ఇదే, అందరూ చివరికి వాయిదా వేసేదీ ఇదే. పొట్లం పది నిమిషాల్లో కొనొచ్చు. సందులు మూయడానికి ఒక ఆదివారం కావాలి, నిచ్చెన కావాలి, ఇంట్లో ఎవరో ఒకరు విసుక్కోవాలి.

ఎలుక పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకకపోతే దానికి గడవదు. కాబట్టి గుడ్డ, కర్ర, థర్మకోల్, ప్లాస్టిక్, ఎండిన మట్టి ఏదీ ఆగదు. ఆగేవి సిమెంటు, రేకు, ఇనపజాలీ. జాలీ కన్ను ఆరు మిల్లీమీటర్లకు మించకూడదు. దోమతెర మెష్ కొరికేస్తుంది, కోళ్లగూటి జాలీలోంచి చిట్టెలుక దర్జాగా వెళ్తుంది. చిన్న కన్నంలో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూస్తే పళ్లకు లొంగదు. పాతకాలం మేస్త్రీలు సిమెంటులో గాజుపెంకులు కలిపేవారు, అదీ పని చేస్తుంది.

ఎక్కడ చూడాలంటే: వీధి తలుపు కింద గడపకీ తలుపుకీ మధ్య సందు, అక్కడ రేకు పట్టీ కొట్టించాలి. స్నానాలగది తూము, దానికి ఇనప జల్లెడ. గ్యాస్ పైపు, ఏసీ పైపు, కేబుల్ తీగ గోడలోంచి వచ్చిన చోటు. చూరు కింద పెంకుకీ గోడకీ మధ్య. కొత్తగా కాంక్రీటు ఇల్లు కట్టుకున్నవాళ్లు తమకు బెడద లేదనుకుంటారు గానీ, ఫాల్స్ సీలింగ్ వేయించుకున్న రోజు నుంచి వాళ్లూ అటక ఉన్న ఇంటివాళ్లే. పక్కనున్న జామచెట్టు, మునగచెట్టు కొమ్మ కప్పుకు మీటరు దూరంలో ఉండేలా కొట్టేయాలి. గంజాం కోస్తాలో పెరటి కొబ్బరికి మనిషెత్తు పైన రేకు పట్టీ చుట్టు తిప్పి కొట్టేది కూడా ఇందుకే: నున్నటి రేకు మీద దానికి గోళ్లు ఆనవు. అయితే మట్టలు పక్క చెట్టు మట్టల్ని తాకుతుంటే పట్టీ దండగే.

తిండి సంగతి. ఇక్కడి వంటింట్లో ఎలుకకు మొదటి ఆకర్షణ బియ్యం కాదు, ఎండుచేప. ఆ తర్వాత వేరుసెనగ, చోళ్లు, బెల్లం, చింతపండు, దేవుడి గూట్లో వదిలిన కొబ్బరిచిప్ప. ఇవన్నీ మూత బిగిసే స్టీలు, అల్యూమినియం డబ్బాల్లో ఉండాలి. ప్లాస్టిక్ డబ్బా అంచు నుంచి కొరుకుడు మొదలుపెడుతుంది. ధాన్యానికి రేకు గాదె ఉంటే సగం గొడవ తీరింది. బస్తాలే అయితే నేల నుంచి ఒక అడుగు ఎత్తున బల్ల వేసి, గోడకు అడుగున్నర దూరం వదిలి పేర్చాలి. ఆ దూరం చూసి "జాగా దండగ" అనే పెద్దలుంటారు. కానీ ఎలుకకు గోడ వార చీకటి సందు ఇస్తేనే గూడు పెడుతుంది. మనిషి వెనక్కి వెళ్లి చీపురు తిప్పగలిగిన చోట పెట్టదు. కుక్కకు, కోళ్లకు పెట్టిన గిన్నె రాత్రి పెరట్లో వదలకూడదు. ఇంటి ఎలుకకు రోజూ నీళ్లు కావాలి, కాబట్టి కారే కుళాయి బాగు చేయించడం కూడా ఎలుకల పనే.

బోను పెట్టడంలో కిటుకు

బోను మంచి ఆయుధం. మందులా ఎక్కడో గోడలో చచ్చి వారం రోజులు కంపు కొట్టదు, ఎన్ని పడ్డాయో లెక్క తెలుస్తుంది. పని చేయనిది పెట్టే పద్ధతి వల్ల.

పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. తన దారిలో నిన్న లేనిది ఈరోజు కనిపిస్తే కొన్ని రోజుల పాటు తప్పుకుని తిరుగుతుంది. కాబట్టి దానికి బోను కొన్న రాత్రే బిగించకూడదు. నాలుగైదు రోజులు ఎర పెట్టి, తలుపు తెరిచి కట్టేసి, దాని దారిలోనే ఉంచాలి. తిని వెళ్లడం అలవాటయ్యాక ఒక రాత్రి అన్నీ ఒక్కసారి బిగించాలి. ఒకటి కాదు, అరడజను. చిట్టెలుక అలా కాదు, దానికి కొత్తదంటే ఉత్సాహం. మొదటి రాత్రే వచ్చి మూతి పెడుతుంది. కాకపోతే అయిదారు మీటర్లు దాటి తిరగదు కాబట్టి, వంటింట్లో పెట్టిన బోనులో పడకగది చిట్టెలుక పడదు. రెండు మీటర్లకొకటి చొప్పున, అదే గదిలో పెట్టాలి.

స్ప్రింగు కొట్టే చెక్క బోను నేల మీద గోడకు లంబంగా, ఎర ఉన్న వైపు గోడకు తగిలేలా పెట్టాలి. ఎలుక గోడను మీసాలతో తాకుతూ నడుస్తుంది, గది మధ్యలోంచి రాదు. ఎరగా అప్పుడే నిప్పు మీద కాల్చిన ఎండుచేప ముక్క, కాల్చిన కొబ్బరి, ఉల్లి పకోడీ బాగా లాగుతాయి. వేళ్లతో పెట్టి దారంతో కట్టండి, లాక్కుపోకుండా. మన చేతి వాసన తగిలితే రాదన్న నమ్మకం ఎక్కువే. ఇంట్లో పుట్టి పెరిగిన ఎలుకకు మన వాసన కొత్త కాదు.

జిగురు అట్ట మాత్రం వద్దంటాను. దాని మీద అంటుకుని, అరుస్తూ, కాళ్లు కొరుక్కుంటూ గంటల తరబడి చస్తుంది. భారత జంతు సంక్షేమ మండలి కూడా వీటిని ఆపమని రాష్ట్రాలకు చెప్పింది. ఆ అట్టకు ఉడుత, బల్లి, పిచుక కూడా అంటుకుంటాయి. ఆ భయంలో ఎలుక అక్కడంతా ఉచ్చ పోస్తుంది, దాని సంగతి కింద చెప్తాను.

పిల్లి మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో చెత్త కేంద్రం ఒకదానిలో పిల్లులనూ ఎలుకలనూ 79 రోజులు కెమెరాలతో కనిపెట్టారు. పిల్లులు పెద్ద ఎలుకల్ని చంపింది రెండు. పిల్లి ఉన్న చోట ఎలుకలు బయట తక్కువ కనిపిస్తాయి, అంతే, అందుకే తగ్గాయనిపిస్తుంది. చిట్టెలుకల మీద మాత్రం దానికి పట్టు ఉంది. గుడ్లగూబను అపశకునమని రాళ్లతో తరుముతాం గానీ, రాత్రికి రెండు మూడు ఎలుకలు తినే పక్షి అది. జెర్రిపోతుకు విషం లేదు, దాన్ని కాపాడే చట్టం ఉంది. ఎలుకలున్న ఇంటికి జెర్రిపోతుతో పాటు నాగుపాము, కట్లపాము కూడా వస్తాయన్నది అసలు భయపడాల్సిన సంగతి. పాముకాటు మరణాలను ఒడిశా ప్రభుత్వం రాష్ట్ర విపత్తుల జాబితాలో పెట్టింది. వరికోతలప్పుడు నేల మీద పడుకునే ఇళ్లలో ఎలుక దారి పాము దారి కూడా.

ప్లగ్గులో పెట్టే శబ్దపు యంత్రాలకు డబ్బు పోయకండి. అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ 2001లోనే 60కి పైగా తయారీదారులకు, అమ్మకందారులకు ఆధారాలు చూపమని హెచ్చరిక ఉత్తరాలు పంపింది. ఆ శబ్దం కుర్చీ అడ్డొచ్చినా ఆగిపోతుంది, నాలుగు రోజుల్లో ఎలుకలకు అలవాటూ అవుతుంది. కలరా ఉండలు, మిరియాల పొడి, పుదీనా నూనె, ధూపం కూడా అంతే. వాసన ఉన్నన్నాళ్లు ఇంకో మూల నుంచి వస్తాయి.

మందుల్లో ఏది ఏమిటి

సంతలో అన్నీ "ఎలుకల మందే". లోపల ఉన్నది మాత్రం ఒకటి కాదు. మనిషి ప్రాణం మీదికి వచ్చేది ఆ తేడా తెలియకే.

బూడిద నలుపు పొడి జింక్ ఫాస్ఫైడ్. కడుపులోని ఆమ్లం తగిలి ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది, గంటల్లో చస్తుంది. విరుగుడు లేదు. పైగా ఎలుక చాలా జాగ్రత్తపరురాలు, ముందు కొంచెం రుచి చూస్తుంది. చావకుండా జబ్బు పడితే ఆ ఎరను వారాల తరబడి ముట్టదు. అందుకే పొలంలో వాడేటప్పుడు ముందు రెండు మూడు రోజులు మందు కలపని గింజలు పెట్టి అలవాటు చేయమంటారు. ఇంట్లో దీని అవసరం లేదు.

నీలం, ఎరుపు రంగు బిళ్లలుగా, కేకులుగా దొరికేది బ్రోమాడియోలోన్. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసే జాతి. ఈ జాతి పుట్టుక తమాషాగా ఉంటుంది. 1920ల్లో అమెరికా, కెనడా రైతుల పశువులు బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిని రక్తం కారి చచ్చేవి. ఆ గడ్డిలో ఏముందో విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ ప్రయోగశాల కనిపెట్టింది. దాన్నుంచి వార్ఫరిన్ తయారై 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. తర్వాత అదే వార్ఫరిన్ గుండె కవాటం మార్చినవాళ్లకు మాత్ర అయింది. 1958కల్లా స్కాట్లండ్‌లో దానికి లొంగని ఎలుకలు కనపడ్డాయి, అందుకని మరింత బలమైనవి వచ్చాయి. బ్రోమాడియోలోన్ వాటిలో ఒకటి. తిన్న నాలుగైదు రోజులకు చస్తుంది. ఆలస్యంగా చస్తుంది కాబట్టే తక్కిన ఎలుకలకు ఎర మీద అనుమానం రాదు. మనిషికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. ఇంట్లో మందు వాడక తప్పదంటే ఇదొక్కటే, అదీ పిల్లల చేతికి, కుక్క నోటికి అందని తాళం పెట్టెలో. చచ్చిన ఎలుకను తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా దీనివల్ల చస్తాయని మరవకూడదు, శవాలు ఏరి లోతుగా పూడ్చాలి.

మూడోది ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం పేస్టు. దీన్ని ఇంట్లోకి తేవద్దు. పిల్లలు టూత్‌పేస్టనుకుంటారు. తిన్న మొదటి రోజు వాంతులై, రెండో రోజు అంతా బాగానే ఉన్నట్టు కనపడి, ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. దీనికీ విరుగుడు లేదు.

నాలుగోది ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. ప్రభుత్వ సంస్థలు, లైసెన్సున్న నిపుణులు మాత్రమే వాడాలని నిబంధన. కొట్లలో చేతికి చిక్కుతూనే ఉన్నాయి. తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ వస్తుంది. ముందుగదిలో బస్తాల మధ్య పెట్టి వెనకగదిలో పడుకుంటే ఆ వాయువు తలుపు సందుల్లోంచి వస్తుంది. వరస ఇళ్లలో వాసాల మీది జానెడు ఖాళీలోంచి, పాపం ఏమీ తెలియని పక్కింటివాళ్ల మీదికి వస్తుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే.

ఏ మందు నోట్లోకి పోయినా, మనిషి బాగున్నట్టు కనపడినా, వాంతి చేయించే ప్రయత్నాలు మాని 108కి ఫోన్ చేయండి. డబ్బానో, పొట్లం కాగితమో వెంట తీసుకెళ్లాలి. పర్లాకిమిడి వాళ్లు శ్రీకాకుళం రిమ్స్‌కు వెళ్లినా, బరంపురం ఎం.కె.సి.జి.కి వెళ్లినా డాక్టరు మొదట అడిగేది ఏ మందని.

జబ్బులు

ఎలుక తిన్న గింజ కన్నా పాడుచేసిన గింజే ఎక్కువ, దాని కన్నా ఖరీదైనది జ్వరం. ఎలుక జ్వరం, డాక్టర్ల మాటలో లెప్టోస్పైరోసిస్, ఎలుక ఉచ్చలోంచి వస్తుంది. ఆ సూక్ష్మజీవి తడి మట్టిలో, నిలవ నీటిలో వారాల తరబడి బతికి, కాలి పుండులోంచి, పగుళ్లలోంచి ఒంట్లోకి దూరుతుంది. నాట్ల కాలంలో, వరద తగ్గాక బురద ఎత్తే రోజుల్లో జ్వరంతో పాటు పిక్కలు పట్టేసి, కళ్లు ఎర్రబడితే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని పడుకోకూడదు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఇంకో దారిన వస్తుంది: ఎలుకల మీద, పొదల్లో బతికే నల్లి జాతి పురుగు పిల్లలు కుడితే. చంకలోనో, గజ్జల్లోనో, నడుము పట్టీ కిందో నొప్పి లేని నల్లటి చెక్కు కడుతుంది. దాన్ని వెతికి డాక్టరుకు చూపించాలి. రెండింటికీ డాక్సీసైక్లిన్ అనే చౌక మందు ఉంది, తొందరగా గుర్తిస్తే.

ప్లేగును ఎలుక నుంచి మనిషికి మోసేది ఎలుక ఒంటి మీద గెంతే రెక్కల్లేని పురుగు. దీన్ని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమొండ్ చూపించాడు. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే ఆ పురుగులు వేరే ఒంటి కోసం చూస్తాయి. అందుకే ఎలుకలు వాటంతట అవి గుంపుగా చచ్చిపడితే సంబరపడకుండా ఆరోగ్య కార్యకర్తకు చెప్పాలి, చేత్తో ముట్టకూడదు.

అటక దులిపేటప్పుడు పొడి పెంటికలు చీపురుతో ఊడ్చడం అలవాటు. ఆ దుమ్మంతా ముక్కులోకే పోతుంది. కిటికీలు తీసి, బ్లీచింగ్ నీళ్లు చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని గుడ్డతో తుడిచేయాలి.

ఇదంతా ఎప్పుడు మొదలుపెట్టాలంటే, చైత్ర వైశాఖాల్లో. అప్పటికి గాదెలు సగం ఖాళీ, పొలాల్లో తిండి లేదు, ఎలుకలు ఆకలి మీద ఉంటాయి కాబట్టి ఎర ముడతాయి. పైగా వానలకు ముందు పెంకు నేయించేదీ అప్పుడే. కప్పు విప్పిన రోజునే మధ్యగోడను ఇటుకతో పెంకు దాకా లేపి సందు మూసేయాలి. పెంకు మళ్లీ వేశాక ఆ పనికి మేస్త్రీ రాడు, వచ్చినా రెండింతలు అడుగుతాడు. గోడ ఉమ్మడిది కనక ఇటుకల ఖర్చు సగం సగం. వీధిలో వాళ్లంతా ఒకే వారంలో నేయిస్తే కూలీ కూడా కలిసొస్తుంది, ఆ వారమే అందరూ బోనులు బిగించొచ్చు.